పాత లారీకి ఎఱ్ఱరంగు

మా పాఠశాల పిల్లల తండ్రులలో లారీలు నడుపువారును, లారీ బాడీలు కట్టు షెడ్లలో పనిచేయువారును పెక్కుమంది గలరు. నామక్కల్లు, సేలము ప్రాంతమున ఇది వింత గాదు. ఇటీవల ఆ షెడ్లలో పాత లారీలను బాగుచేసి మరల నిలబెట్టు ముచ్చట కనబడుచున్నది. టాటావారు జర్మనీ బెంజివారితో కలిసి 1954లో జంషెడ్‌పూరున లారీలు కట్టనారంభించిరి. ముక్కు ముందుకు పొడుచుకొనివచ్చిన ఆనాటి బండి యొకటి దొరికినచో, యజమాని మొదట కోరునది నిగనిగలాడు ఎఱ్ఱరంగు. ఏ యెఱుపు మంచిదో నిర్ణయించుట మాత్రము కంటికి నచ్చినంతతో తీరునది గాదు. ఇందులో మన పిల్లల ఆరోగ్యము కూడ ఇమిడియున్నది గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మన పూర్వులెరిగిన ఎఱుపులలో మూడు ముఖ్యములు. ఇంగిలీకము పాదరసమును గంధకమును చేరగా నైనది. సిందూరము సీసమునుండి పుట్టినది. ఇనుమునకు తుప్పు పట్టకుండ పూసెడి నారింజవన్నె ‘రెడ్ లెడ్’ ఇదియే. మూడవది జేగురు, ఇది ఇనుపమన్ను. నేడు షెడ్లలో పూయు ‘రెడాక్సైడు’ ఎఱుపు ఈ జాతిదే. మొదటి రెండింటికి కాంతి యున్నది గాని, అవి విషములు. జేగురు సాధువు, ఎండకు చెక్కుచెదరదు. కాని ఇటుకవలె మసకగా నుండును, బండి యజమానికి నచ్చదు.

ఇరువదవ శతాబ్దిలో రంగుల పరిశ్రమ ఈ చిక్కును రెండు విధముల విప్పజూచినది. ఒకటి ‘స్కార్లెట్ క్రోము’. ఇది సీసము, క్రోమియము, మాలిబ్డినము చేరిన రంగుపొడి. ధర తక్కువ, కాంతి యెక్కువ, అడుగు రంగును చక్కగ కప్పును. పనివానికి ఇంతకంటె ఏమి కావలెను? పాత బండ్ల ఎఱుపు, నారింజ పూతలలో ఇది విరివిగ వాడబడినది. రెండవది టొలుయిడిన్ ఎఱుపు. ఇందులో సీసము లేదు. కాని ఇది యెండకు క్రమముగ వెలిసిపోవును. పైగా దానిమీద తెల్లరంగుతో పేరు వ్రాసినచో, ఎఱుపు పైకి ఊరి ఆ తెలుపును గులాబివన్నెకు త్రిప్పును.

ఎఱుపు వెలియుటకు కారణమును తెలిసికొనదగును. ఎఱ్ఱని వస్తువు సూర్యకాంతిలోని నీలమును, ఆకుపచ్చను తనలో నింపుకొని, ఎఱుపును మాత్రము త్రిప్పిపంపును. నీలికాంతికిని, కంటికి కానరాని అతినీలలోహిత కిరణములకును శక్తి హెచ్చు. ఆ శక్తి రంగు అణువుల బంధములను కొంచెము కొంచెముగ తెంచును. దీనికి తాళగల రంగుపొడులు తరువాత వచ్చినవి: 1958లో క్వినాక్రిడోనులు, 1980 దశకమున డి.పి.పి. ఎఱుపు. వీనిలో సీసము లేదు. ధర మాత్రము ఎక్కువ. మా అభిప్రాయమున, ఏండ్ల తరబడి ఎండలో నిలుచు బండికి ఆ ఖర్చు దండుగ గాదు.

అంగడిలో ‘బ్రైట్ రెడ్’ అని యడిగినచో ఒక్కొక్కరు ఒక్కొక్క డబ్బా ఇత్తురు. సంఖ్యతో అడుగుట మేలు. భారత ప్రమాణము ఐ.ఎస్.5లో 537 సిగ్నల్ ఎఱుపు, 538 పోస్టాఫీసు ఎఱుపు. జర్మనీవారి పట్టికలో రాల్ 3000 అగ్నివర్ణము. అయితే ఈ సంఖ్యలు వన్నెను చెప్పునే గాని, డబ్బాలోని పొడిని చెప్పవు. తయారీవారి సాంకేతిక పత్రమును అడిగి చూడవలెను. అందు ‘పిగ్మెంట్ రెడ్ 104’ అని యున్నచో అది సీసపు ఎఱుపు. ‘254’ అని యున్నచో డి.పి.పి. ఎఱుపు. బండి తొలినాటి వన్నె కావలెనన్న, సీటు క్రిందను, రేకు పలకల వెనుకను ఎండ సోకని చోట వెదకవలెను. పోల్చి చూచుట పగటివేళ, ఎండలో జరుగవలెను. మసకవెలుతురులో మన కన్ను ఎఱుపును నల్లగ జూచును. సాయంకాలము ఎన్నుకొన్న రంగు మరునాడు వేరుగ తోచుట ఇందువలననే.

సీసము లేని ఎఱుపులు చాలవరకు పలుచన. అడుగు వన్నె వానిగుండ కనబడును. అందుచే బండి అంతటను ఒకే వన్నె ప్రైమరు వేసి, ఆపై రంగు పూయవలెను. ఒకచోట నలుపు, ఒకచోట తెలుపు వదలినచో మచ్చలు తప్పవు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది, క్రొత్త రంగు గాదు. గీకి పారవేయు పాత రంగు. పొడి ఉప్పుకాగితముతోనో, మరతోనో దానిని రుద్దినప్పుడు సీసము సన్నని ధూళియై లేచును. తండ్రి చొక్కా మీదను, చెప్పుల మీదను అది ఇల్లు చేరును; నేలమీద ప్రాకు బిడ్డ చేతిద్వారా నోటికి పోవును. పసిపిల్లల మెదడు ఎదుగుదలను సీసము చెరచును. ఇంతవరకు హాని లేదని చెప్పదగిన మోతాదు తెలియదు. కావున తడి కాగితముతోనే రుద్దవలెను. మంటతో కాల్చి ఊడదీయరాదు. ఆ బురదను పెరటిలో పోయక పోగుచేయవలెను. పని బట్టలు షెడ్డులోనే విడిచి, స్నానము చేసి యిల్లు చేరుట, ఆ బట్టలను వేరుగ ఉతుకుట అవసరము. షెడ్డు ఇంటి ఆవరణలోనే యున్నవారు పిల్లల రక్తమున సీసపు పరీక్ష చేయించుటకు వైద్యుని అడుగవలెను. ఇండ్లకు వేయు రంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని 2016లో చేసిన నియమములు 2017 నవంబరునుండి అమలులోనికి వచ్చినవి; అవి లారీ రంగులకు చెందవు. డబ్బా క్రొత్తదైనంత మాత్రమున నిశ్చింతగ నుండరాదు.

రెండు డబ్బాలు కలిపి కొట్టు నేటి రంగులలోని గట్టిపరచు ద్రవము ఉబ్బసము తెచ్చును. మూతికి కట్టుకొన్న తువ్వాలు దానిని ఆపదు. స్వచ్ఛమైన గాలి నందించు ముసుగు కావలెను. అది లేని షెడ్డులో పాతకాలపు సింథటిక్ ఎనామెలు మేలు. అది నిదానముగ ఆరును, మెరుపు కొంత తగ్గును, అంతే.

బండి రంగు రిజిస్ట్రేషను పత్రమున వ్రాయబడి యుండును గనుక, నీలిబండిని ఎఱుపు చేయదలచినవారు ముందుగ రవాణా కార్యాలయమున విచారించి, పిదప డబ్బా మూత తీయవలెను.