కాయితాల దగ్గర ఓడిపోతున్న పిల్లలు

వైస్రాయ్ కౌన్సిల్ సభ్యుడిగా అంబేడ్కర్ పట్టుబట్టిన ఫలితంగా 1944లో షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. అది హక్కు. కానీ వాడల్లో ఇప్పటికీ చాలామంది దాన్ని సర్కారు దయే అనుకుంటున్నారు.

మేం చూసినంతలో, ఇంటర్ చదివే మన పిల్లలు మార్కుల దగ్గర కాదు, కాయితాల దగ్గర ఓడిపోతున్నారు. పదో తరగతి మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటే దరఖాస్తు ఆగిపోతుంది. ఫలితాలొచ్చాక సర్టిఫికెట్ల కోసం మీసేవ చుట్టూ, సచివాలయం చుట్టూ తిరిగేసరికి అడ్మిషన్ గడువు కాస్తా దాటిపోతుంది. సీటు పోగానే ‘ప్రతిభ లేదు’ అనేస్తారు.

కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్‌తో కలిపిన బ్యాంకు ఖాతా పరీక్షలకు ముందే సిద్ధం చేయించాలి. మొదటితరం పిల్లలకు ఇంట్లో ఇవి చెప్పేవాళ్ళుండరు. వాడలో ముందు చదువుకున్నవాళ్ళం మనమే ఆ పని చేయాలి.