రెండు పెట్టెలుండియు రికార్డులెట్లు పోయినవి?

మన పాఠశాల కార్యాలయమున బీరువా ప్రక్కన, రెండు పెద్ద నిఘంటువులను చేర్చి పెట్టినంత పరిమాణము గల నల్లని పెట్టె యొకటి యున్నది. దానికి తెర లేదు, మీటల పలకయు లేదు. లోపల రెండు డిస్కులు తిరుగుచుండును. కార్యాలయపు కంప్యూటర్లన్నియు తీగల ద్వారా దానితో కలుపబడియున్నవి. దీనిని నెట్‌వర్క్ స్టోరేజి పెట్టె యందురు. ఎవరు ఏ బల్ల యొద్ద కూర్చుండి పని చేసినను ఫైళ్లు ఇందులోనికే వచ్చి చేరును. ప్రవేశ రిజిస్టర్ల స్కాన్ ప్రతులు, మార్కుల పట్టికలు, పాత వార్షిక సంచికలు, ఉత్సవముల ఛాయాచిత్రములు, అన్నియు కలిపి సుమారు 300 గిగాబైట్లు.

గత సంవత్సరపు తలిదండ్రుల సభలో ఒకరు లేచి, "రెండు పెట్టెలుండగా రికార్డులు ఎట్లు పోయినవి? పోయిన పిదప ఒక పెట్టెను రాయగడకు పంపుటకు సంఘనిధి నుండి వ్యయమేల?" అని అడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. నాటి సభలో కాలము చాలక పోయినందున సమాధానము ఇచట వ్రాయుచున్నాను.

2013 అక్టోబరు 12వ తేది రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ వద్ద తీరము దాటినది. బరంపురములో ఆ రాత్రిని మరచినవారుండరు. మన కార్యాలయపు కప్పు రేకులు లేచిపోయి, రిజిస్టర్లు తడిసినవి. వానిని పుటపుటకు నడుమ కాగితములుంచి ఆరబెట్టితిమి. పిమ్మట చిత్రలేఖనోపాధ్యాయుడు సెలవు దినములలో కూర్చుండి నలుబది రిజిస్టర్లను స్కాన్ చేసెను. తడిసిన వానిలో మూడింటి కాగితము క్రమముగా పొడియై పోయినది. ఆ మూడింటికి స్కాన్ ప్రతులే మూలములైనవి.

ప్రవేశ రిజిస్టరులో పిల్లవాని పేరు, తండ్రి పేరు, పుట్టిన తేది, మాతృభాష వ్రాయబడును. మాతృభాష యెదుట "తెలుగు" అని యున్న ఆ పంక్తి, పరరాష్ట్రమున స్థిరపడిన మన కుటుంబములకు ఎన్ని సందర్భములలో అవసరమగునో మీకు వేరుగ చెప్పనక్కరలేదు.

2022లో సూరత్తునుండి మన పూర్వ విద్యార్థి యొకరు వచ్చిరి. భవిష్యనిధి లెక్కలలో ఆయన పుట్టిన తేది తప్పుగా పడినదట. 1983లో చేరిన నాటి వివరము కావలెననిరి. పెట్టె తెరచి చూడగా రిజిస్టర్ల ఫోల్డరే లేదు. విచారింపగా, ఐదు వారములకు పూర్వము ఎవరో అనవసరపు ఫైళ్లను తీసివేయుచు దానిని గూడ తీసివేసిరని తేలినది. ఎవరను మాటతో నాకిచట పనిలేదు. తీసివేయుటకు అందరికిని అనుమతి ఇచ్చియుంచినది నేనే. పెట్టెలోని చెత్తబుట్ట ముప్పది దినములకు ఖాళీ యగునట్లు అమర్చబడియుండెను. కావున అందును లేదు. చిత్రలేఖనోపాధ్యాయుని పాత కంప్యూటరులో పదకొండు రిజిస్టర్ల ప్రతులు దొరికినవి. మిగిలిన వానిని కాగితముల నుండి మరల స్కాన్ చేసితిమి. పొడియైన మూడు రిజిస్టర్లు మాత్రము దొరకలేదు. ఆ సోదరుని పేరు వానిలోనే యుండెను. ఆయన రెండు దినములు ఉండి, అఫిడవిట్టు వ్రాయించుకొని వెడలిపోయెను.

ఇక రెండు డిస్కులు ఏమి చేసినవి? పెట్టెలో రెండు డిస్కులకును ఒకే విషయము ఏకకాలమున వ్రాయబడును. డిస్కులను గుంపుగా చేర్చు ఈ ఏర్పాటులకు "రెయిడ్" అని పేరు. 1988లో బర్క్లీయందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనువారు ఆ పేరుతో వ్యాసము ప్రకటించిరి. ఒక డిస్కు చెడిపోయినను పని ఆగకుండుటయే దీని ప్రయోజనము. అది గొప్ప ప్రయోజనమే. కాని ఇది కార్బను కాగితము వంటిది. పై కాగితముపై వ్రాసిన తప్పు క్రింది కాగితముపైనను పడును. ఫోల్డరు తీసివేసిన క్షణముననే రెండు డిస్కులలోను అది పోయినది.

రెండవ పెట్టె ప్రయోగశాలలో నుండెను. ప్రతి రాత్రియు మొదటి పెట్టెను చూచి తాను అట్లే యగునట్లు దానికి ఆజ్ఞ ఇచ్చియుంటిమి. మొదటి దానిలో లేనిదానిని రెండవ దానిలోను తుడిచివేయుటయు ఆ ఆజ్ఞలో భాగమే. అది తన ధర్మమును తప్పక నెరవేర్చినది! తెల్లవారునప్పటికి రెండును సమానముగ ఖాళీయైనవి. మాకు రెండు పెట్టెలుండెను గాని, నిన్నటి దినము ఎందును లేకుండెను.

ఇప్పుడు చేసిన మార్పులలో ముఖ్యమైనది ఇదియే: నిన్నటి దినమును, మొన్నటి దినమును గూడ నిలిపియుంచుట. రెండవ పెట్టె ప్రతి రాత్రి నకలు ముగియగానే నాటి స్థితిని ముద్రవేసి యుంచును. దీనిని స్నాప్‌షాట్ అందురు. ఆ పిమ్మట ఫైలు మారినను, పోయినను, నాటి స్థితి మారదు. ప్రతి దినము 300 గిగాబైట్లు వేరుగ ఆక్రమించునేమో యని నేను మొదట భయపడితిని. అట్లు కాదు, మారిన భాగమునకు మాత్రమే అదనపు చోటు పట్టును. దినమునకొకటి చొప్పున ముప్పది, నెలకొకటి చొప్పున పండ్రెండు స్నాప్‌షాట్లు ఉంచుచున్నాము. సంవత్సరాంతపు వానిని తీసివేయము. మా నష్టము బయటపడుటకు ఐదు వారములు పట్టినది గనుక, ముప్పది దినములవి మాత్రమే చాలవు.

రెండవ మార్పు స్థలమును గూర్చినది. రెండు పెట్టెలును ఒకే కప్పు క్రింద నుండిన, ఫైలిన్ వంటి రాత్రికి రెండును ఒకటే. కావున రెండవ దానిని సముద్రమునకు దూరముగ, రాయగడలో మన సంఘ సభ్యుని ఇంట నుంచితిమి. లోపలి ఫైళ్లు తాళపు మాట లేనిదే చదువరాకుండ మార్చబడియున్నవి. ఆ మాట కాగితముపై వ్రాసి, ముద్రవేసిన కవరులో కార్యదర్శిగారి యొద్ద నున్నది. అది పోయిన నకలు ఉండియు లేనిదే యగును.

పెట్టెను బస్సులో ఏల తీసికొనిపోయితిరని కొందరు నవ్విరి. లెక్క చూడుడు. మన ఇంటర్నెట్టు సెకనుకు పది మెగాబిట్ల చొప్పున పంపగలదు. 300 గిగాబైట్లు పంపుటకు సుమారు 67 గంటలు కావలెను. రాత్రివేళ ఏడేసి గంటలు పంపినచో పది రాత్రులు. అందుచే మొదటి నకలును పాఠశాలలోనే తీగతో ముగించి, పిదప పెట్టెను తీసికొనిపోయితిమి. ఆ తరువాత దినదినము చేరునది 200 మెగాబైట్లు మించదు. అది మూడు నిమిషముల లోపే చేరును.

ఇంత స్వల్పకాలమున ఎట్లు సాధ్యమనగా, నకలు తీయుటకు "ఆర్‌సింక్" అను ప్రోగ్రామును వాడుచున్నాము. దీనిని 1996లో ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయమునందు ఆండ్రూ ట్రిజెల్, పాల్ మెకెరాస్ అనువారు వెలువరించిరి. పరిమాణము, తేది మారని ఫైలును అది ముట్టదు. మారిన ఫైలు విషయమున, స్వీకరించు పెట్టె తన యొద్దనున్న పాత ప్రతిని తునుకలుగ విభజించి, ఒక్కొక్క తునుకకు ఒక గుర్తు సంఖ్య లెక్కగట్టి పంపును. పంపు పెట్టె ఆ సంఖ్యలను తన ప్రతితో పోల్చి, సరిపోలని భాగములను మాత్రమే పంపును. బ్రౌను దొర పండితులను జీతములకు నియమించి, ఒకే కావ్యమునకు అనేక ప్రతులు తెప్పించి, పంక్తి పంక్తి సరిచూపించెనని మనము పిల్లలకు చెప్పుదుము గదా. ఈ పనియు ఆ జాతిదే, వేగము మాత్రము వేరు.

మరియొక జాగ్రత్త. 2021 ఏప్రిలులో క్యూనాప్ కంపెనీ పెట్టెలు అనేకము దుండగుల పాలైనవి. ఇంటర్నెట్టు నుండి నేరుగా అందుబాటులో నున్న పెట్టెలలో దూరి, ఫైళ్లను తాళపు మాటతో మూటగట్టి, విడుదలకు 0.01 బిట్‌కాయిన్ అడిగిరి. అందుచేత మన పెట్టెలకు బయటి ద్వారము నేరుగా తెరవలేదు. రెండింటి నడుమ వి.పి.ఎన్. అను మూసిన మార్గము కలదు. అంతేగాక, రాయగడ పెట్టెయే ఇచటికి వచ్చి చదువుకొనిపోవును. దానికి ఇచట చదువుటకు మాత్రమే అనుమతి. ఇచటి పెట్టెకు అచటి తాళము బొత్తిగా లేదు. కావున ఇచట దొంగ ప్రవేశించినను అచటికి త్రోవ దొరకదు. ఇవిగాక, మూడు నెలలకొకసారి వేరొక డిస్కుపై నకలు తీసి, తీగ ఊడదీసి, ఇనుప పెట్టెలో నుంచుచున్నాము.

నకలు తీయుట వేరు, తిరిగి తెచ్చుకొనగలుగుట వేరు. గిట్‌ల్యాబ్ అను కంప్యూటరు సంస్థలో 2017 జనవరి 31న ఒక ఉద్యోగి పొరపాటున ముఖ్య సమాచారమును తుడిచివేసెను. నకలు తీయు పద్ధతులు అనేకము ఉన్నవనుకొనిరి. చూడగా ప్రతిదినపు నకళ్లుండవలసిన చోటు శూన్యముగ నుండెను. ఆరు గంటలకు పూర్వము అనుకొనకుండ తీసిన స్నాప్‌షాట్ యొకటి వారిని కాపాడినది. అంతటి నిపుణులకే అట్లయినపుడు మా గుమాస్తా, నేను ఏపాటి! అందుచే ప్రతినెల మొదటి శనివారమున ఏదో యొక రిజిస్టరులోని ఒక పుటను రాయగడ నుండి తెప్పించి, కాగితముతో సరిచూచుచున్నాము. గత ఆగస్టులో ఇట్లు చూడగా, క్రొత్త విద్యాసంవత్సరపు ఫోల్డరును నకలు జాబితాలో చేర్చుట మరచితిమని తెలిసినది. రెండు నెలల ప్రవేశములు ఒకే చోట నుండెను. నాడే చేర్చితిమి.

పోయిన మూడు రిజిస్టర్లు 1979 మొదలు 1986 వరకు చేరిన పిల్లలవి. ఆ కాలమున మన పాఠశాలలో చదివినవారు మీ ఇండ్లలో గాని, చుట్టములలో గాని ఉండిన, వారి టి.సి.లను, మార్కుల పత్రములను, తరగతి ఛాయాచిత్రములను పనిదినములలో సాయంకాలము నాలుగు మొదలు ఐదు గంటల వరకు కార్యాలయమునకు తేగోరుచున్నాను. మీ యెదుటనే స్కాన్ చేసి, వెంటనే తిరిగి ఇచ్చెదము. ఇంతవరకు అరువది యొక్క పేర్లు దొరికినవి.