పెరిగే నగరంలో సైకిలు బాట

మన హైదరాబాదులో ఒకప్పుడు గుమాస్తాకు, ఉపాధ్యాయునికి, విద్యార్థికి, పాలవానికి సైకిలే వాహనం. గంటకు ఇంతని సైకిళ్ళు అద్దెకిచ్చే దుకాణాలు పేటపేటనా ఉండేవి. నేడు మా కళాశాలకు సైకిలుపై వచ్చేవారిని వేళ్ళపై లెక్కించవచ్చు. దూరమే కారణమనుకుంటే, నాలుగు కిలోమీటర్ల లోపున నివసించేవారు మాలో ఎందరో ఉన్నారు. విచారించగా "రోడ్డంటే భయం, ఇంట్లో ఒప్పుకోరు" అన్నదే మాకు లభించిన సమాధానం.

ఈ భయం నిరాధారమైనది కాదు. గతిశక్తి వేగం యొక్క వర్గాన్ని అనుసరించి పెరుగుతుందని భౌతికశాస్త్రంలో చదువుకున్నాము. గంటకు 30 కి.మీ. వేగంతో పోయే కారుకన్న 50 కి.మీ. వేగంతో పోయే అదే కారుకు సుమారు 2.8 రెట్ల శక్తి ఉంటుంది. అది తాకినప్పుడు సైకిలు మీదివానికి అడ్డుగా ఏమున్నది? రోడ్డు పక్కన గీసిన తెల్లగీత చక్రాన్ని ఆపజాలదు. గట్టు, చెట్ల వరుస, స్తంభాల వరుస వంటి నిజమైన అడ్డుతో వేరుచేసిన దారినే రక్షిత సైకిలు బాట అంటారు.

ఇట్టి బాటలకు పేరెన్నికగన్న హాలెండు దేశం కూడ పుట్టుకతో సైకిళ్ళ స్వర్గం కాదు. 1971లో అక్కడ రోడ్డు ప్రమాదాలలో సుమారు 3,300 మంది మరణించగా, వారిలో 400 మందికి పైగా పిల్లలు. మరుసటి సంవత్సరం "పిల్లల హత్యను ఆపండి" అన్న నినాదమే పేరుగా ఒక ఉద్యమం బయలుదేరింది. 1973 నాటి చమురు సంక్షోభం దానికి తోడయింది. తరువాత హేగ్, టిల్బర్గ్ నగరాలలో ప్రయోగాత్మకంగా ఒక్కొక్క చక్కని బాట నిర్మించారు. బాట బాగున్నా, సైకిలు ఎక్కేవారి సంఖ్య ఆశించినంత పెరగలేదు. డెల్ఫ్ట్ పట్టణంలో 1980 దశకంలో ఊరంతా కలిసేటట్లు బాటలను అల్లిన పిదపనే ఫలితం కనిపించింది. ఇల్లు మొదలు బడి వరకు దారి తెగకుండా ఉంటేనే తల్లి బిడ్డను పంపుతుంది గదా! స్పెయిన్ దేశపు సెవిల్ నగరం కూడ 2006-2010 మధ్య సుమారు 120 కి.మీ. బాటలను ఒకదానికొకటి కలుపుతూ వేసింది. అందుకై కార్లు నిలిపే చోట్లను వేలసంఖ్యలో తీసివేసింది.

మన నగరానికి కూడ ఒక బాట ఉన్నది. 2023 అక్టోబరు 1న బాహ్య వలయ రహదారి వెంట, సౌరఫలకాల పైకప్పుతో, 23 కి.మీ. పొడవున ప్రారంభమయింది. ఎండ తగలదు, విద్యుత్తూ పుడుతుంది, మెచ్చుకోదగినదే. కాని అది ప్రధానంగా వ్యాయామానికి వెళ్ళేవారి దారి. తెల్లవారుజామున పత్రికలు పంచే కుర్రవాడు, రాత్రి కాపలా ముగించుకొని మరలే వృద్ధుడు నగరం నడిబొడ్డున బస్సుల మధ్యనే తొక్కుతున్నారు.

ఇక్కడ వేస్తే మరి రెండు చిక్కులున్నాయి. మొదటిది కూడలి. గట్టు అక్కడ తెగుతుంది, ఎడమకు తిరిగే వాహనం సైకిలుకు అడ్డంగా వస్తుంది. మలుపు కోణాన్ని బిగించి, బాటను ఒక కారు పొడవు లోనికి జరిపి, కాస్త ఎత్తుగా దాటిస్తే డ్రైవరు వేగం తగ్గించక తప్పదు. రెండవది మోటారు సైకిలు. సైకిలు పట్టే సందులో అదీ పడుతుంది. స్తంభాలు దానిని ఆపలేవు. అచ్చట పోలీసువారి నిఘాయే శరణ్యం.

చోటు లేదనే మాట తరచు వింటాము. మా కళాశాల ఎదుటి రోడ్డును మేము టేపుతో కొలిచి చూశాము. ఇరువైపులా నిలిపిన వాహనాలే నాలుగు మీటర్లకు పైగా ఆక్రమించి ఉన్నాయి. ఒక వైపు పోయే సైకిలు బాటకు రెండు మీటర్లు చాలు.