తాతయ్య కంప్యూటర్‌లో బొమ్మ ఎందుకు రాలేదు?



గత నెలలో ఎయిత్ క్లాస్ బాబు ఒకడు లంచ్ బ్రేక్‌లో ఫిజిక్స్ ల్యాబ్‌కి వచ్చి, టవల్‌లో చుట్టిన ఒక నల్లటి కీబోర్డు బ్యాగులోంచి తీశాడు. "మేడమ్, తాతయ్యకి ఇంకా చెప్పలేదు" అన్నాడు. అప్పటికే కళ్లలో నీళ్లు.

అది జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్. 1982లో బ్రిటన్‌లో సింక్లెయిర్ రీసెర్చ్ కంపెనీ తెచ్చిన ఇంటి కంప్యూటర్. చూడడానికి రబ్బరు కీల కీబోర్డే కానీ కంప్యూటర్ మొత్తం అందులోనే ఉంటుంది. మెమరీ 48 కిలోబైట్లు. మీ ఫోన్‌లో తీసిన ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు. వాళ్ల తాతయ్యగారు అక్కడ ఉద్యోగం చేసిన రోజుల్లో కొనుక్కున్నారట.

దీన్ని టీవీ యాంటెనా సాకెట్‌కి తగిలించాలి. లోపల మాడ్యులేటర్ అనే చిన్న రేకు డబ్బా ఉంటుంది. అది బొమ్మని టీవీ చానల్ సిగ్నల్‌గా మారుస్తుంది. వాళ్ల కొత్త టీవీ ఆ సిగ్నల్‌ని పట్టుకోలేదు. అందుకని మాడ్యులేటర్‌ని తప్పించి, బొమ్మ వచ్చే వైరుని నేరుగా సాకెట్‌కి కలిపి, అక్కడి నుంచి టీవీ వెనక ఉన్న పసుపు ఏవీ సాకెట్‌కి ఇవ్వాలి. పాత కంప్యూటర్లంటే ఇష్టమున్నవాళ్లు చాలామంది చేసే మార్పే ఇది. బాబు కూడా అదే చేశాడు. కరెంటు ఇస్తే స్క్రీన్ నల్లగా ఉండిపోయింది.

వాళ్ల నాన్నగారు ఫోన్‌లో, "మెమరీ చిప్స్ పోయుంటాయి మేడమ్, అన్నీ ఆన్‌లైన్‌లో తెప్పించేస్తాను" అన్నారు. ఒక్క రోజు ఆగండి సార్ అన్నాను. నిజం చెప్పాలంటే నాకూ అంత ధైర్యం లేదు. కానీ ఏది చెడిందో తెలియకుండా పాత చిప్‌లు ఊడదీస్తే బోర్డు మీది రాగి గీతలు కూడా లేచి వచ్చేస్తాయి. అప్పుడు ఒక రిపేరు రెండవుతుంది.

బాబుని ముందు ఒకటే అడిగాను. మార్చకముందు పనిచేసిందా? చేసింది, తాతయ్య గదిలోని పాత టీవీలో బొమ్మ వచ్చేది. అయితే నలభై ఏళ్ల చిప్స్‌ని కాదు, నిన్న సాయంత్రం మనం చేసిన పనిని ముందు అనుమానించాలి. ఇంట్లో పిల్లలు ఏదైనా విప్పి పాడుచేసినప్పుడు కూడా "ఎందుకు ముట్టుకున్నావు" కన్నా "చివరగా ఏం మార్చావు" అని అడిగితే జవాబు త్వరగా దొరుకుతుంది. మొదటి ప్రశ్నకి పిల్లలు దాచడమే నేర్చుకుంటారు.

తర్వాత అడాప్టర్. ఇది 9 వోల్టులది, లోపలి పిన్ను మైనస్. బజార్లో దొరికే చాలా అడాప్టర్లలో లోపలిది ప్లస్. అది గుచ్చితే కంప్యూటర్‌కే ప్రమాదం. అదృష్టం కొద్దీ బాబు వాడింది పాతదే.

మల్టీమీటర్ పెట్టాం. 5 వోల్టులు ఉండాల్సిన చోట అర వోల్టు కూడా లేదు. రెగ్యులేటర్ రేకు నిమిషంలో చెయ్యి పెట్టలేనంత కాలింది. వెంటనే ప్లగ్ తీసేశాం. అంటే ఎక్కడో షార్ట్. ఎక్కడో బాబే కనిపెట్టాడు. మాడ్యులేటర్‌కి వెళ్లే 5 వోల్టుల వైరుని విడదీశాడు కానీ చివర టేపు చుట్టలేదు. అది రేకు డబ్బాకి తగులుతోంది. ఆ డబ్బా గ్రౌండ్‌కి కలిసి ఉంటుంది. షార్ట్ అయినప్పుడు ఈ రకం రెగ్యులేటర్ తనంతట తాను తగ్గిపోతుంది కాబట్టి బతికింది.

టేపు చుట్టాం. 5 వోల్టులు వచ్చాయి. స్క్రీన్ మాత్రం ఇంకా నలుపే. వాడి ముఖం చూడలేకపోయాను.

ఈ మెమరీ చిప్స్‌లో మొదటి ఎనిమిదింటికి మూడు రకాల కరెంటు కావాలి: 5, 12, మైనస్ 5 వోల్టులు. మైనస్ 5 లేకుండా మిగతావి అందితే ఆ చిప్స్ నిజంగానే పాడవచ్చు. అందుకే కాలు కాలుకీ కొలిచాం. మూడూ సరిగ్గానే ఉన్నాయి. ఇక మిగిలింది బొమ్మ వైరు ఒక్కటే. దాని టంకం మెరవకుండా చిన్న ముద్దలా ఉంది, వేలితో కదిపితే వైరు ఊగింది. పైకి అతికినట్టే ఉన్నా లోపల పట్టలేదన్నమాట. నేను పక్కనుండగా బాబే మళ్లీ టంకం వేశాడు. (ఇదంతా 9 వోల్టుల వైపు పని. అడాప్టర్ మూత మాత్రం పిల్లలెవరూ తెరవకూడదు.)

తెల్లటి స్క్రీన్ వచ్చింది. అడుగున 1982 అనే అంకెతో కంపెనీ పేరు. బ్రిటన్‌లోనూ మనదగ్గరా టీవీలకి పాల్ పద్ధతే కాబట్టి రంగులూ సరిగ్గానే వచ్చాయి.

మర్నాడు తాతయ్యగారు స్వయంగా వచ్చారు. జరిగిందంతా బాబే చెప్పాడు. ఆయన ఏమీ అనకుండా కూర్చుని 'పి' కీ ఒక్కసారి నొక్కారు. స్క్రీన్ మీద 'ప్రింట్' అనే మాట మొత్తం పడింది. "దీంట్లో ఒక్కో కీకి ఒక్కో మాట ఉంటుందిరా" అంటూ మనవడి వైపు కుర్చీ జరిపారు.