వేరుకు కట్టిన ముడులు



కార్ఖానాలో మన హాస్టల్ వెనక పెట్టిన వంకాయ మొక్కలు నీళ్లు పోసినా మధ్యాహ్నానికి వాడిపోతున్నాయి కదా. మొన్న ఒకటి పీకి చూశాం. వేరు నిండా ముడులే! "రైజోబియం మేడం!" అని అరిచాను. సైన్సు మేడం నవ్వి, "వంకాయ పప్పుజాతి కాదు కదమ్మా, దానికి రైజోబియం బుడిపెలు ఎక్కడివి? ఇవి నులిపురుగులు చేసిన ముడులు" అన్నారు.

నా గుండె గుభేలుమంది. మాది ఆదిలాబాద్ జిల్లాలో ఉట్నూరు పక్కన గోండుగూడెం. పోయిన వానాకాలం మా సోయాచేను అక్కడక్కడ పసుపు తిరిగింది. వేర్లకు ముడులు చూసి, "ఇవి మంచివే బాపూ, మా పుస్తకంలో ఉంది" అని చెప్పింది నేనే. ఇంట్ల చదువుకునేది నేనొక్కదాన్నే కాబట్టి బాపు నమ్మిండు. సావుకారు దగ్గర అప్పు తెచ్చి యూరియా చల్లిండు. చేను తేరుకోలేదు. ఆ ముడులు ఎంత గీకినా ఊడలేదని ఇప్పుడు గుర్తొస్తోంది.

తేడా ఇదీ. రైజోబియం బుడిపె వేరు పక్కన అంటుకొని ఉంటుంది. గోటితో గీకితే ఊడొస్తుంది, కోస్తే లోపల గులాబీ రంగు. అది గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. నులిపురుగు ముడి అట్ల కాదు. వేరే ఉబ్బుతుంది, లాగితే వేరు తెగుతుంది.

ఈ పురుగుపిల్ల అర మిల్లీమీటరు కూడా ఉండదు. మట్టిలోంచి వేరులో దూరి రసం పీలుస్తుంది. ఒక్కో ఆడపురుగు వందల గుడ్లు పెడుతుంది. వేడి నేలలో నెల రోజులకే కొత్త తరం తయారు! వేరు నీళ్లు, ఎరువు సరిగా తీసుకోలేదు. ఇక యూరియా చల్లితే ఏం లాభం? అమెరికాలో సోయాను పాడుచేసేది ఇంకో రకం నులిపురుగు. అది అక్కడ మొదట 1954లో నార్త్ కరోలినాలో బయటపడింది.

పంట మీద ఉన్నప్పుడు దీన్ని వదిలించడం కష్టం. ముందే జాగ్రత్త పడాలి.

1. ఎండాకాలంలో లోతుగా దున్ని మట్టిని ఎండనివ్వాలి.
2. ఆఖరి దుక్కిలో వేపపిండి వేయాలి.
3. ఆ చేనులో వెంటనే వంకాయ, టమాట, బెండ వేయొద్దు. బంతి వేస్తే పురుగు తగ్గుతుంది.
4. నాగలికి, ట్రాక్టరుకు అంటిన మట్టిని కడిగే ఇంకో చేనులో దింపాలి.

దసరా సెలవుల్లో బాపుతో చేనుకు పోయి వేర్లు చూపిస్తా. తప్పు నాదేనని కూడా చెప్తా. సోయా వేసినోళ్లు మీరూ నాలుగు మొక్కలు పీకి, గోటితో గీకి చూసినాకనే ఇంట్లో చెప్పండి.

వార్డెన్ మేడం, వంకాయ తీసేసి అక్కడ బంతి నారు పెడదామా? బతుకమ్మకు పూలు కూడా వస్తాయి!

— 9వ తరగతి విద్యార్థిని