కర్రీ పాయింటు పెట్టుటకు ముందు

హైదరాబాదులోని హైదర్‌గూడ నుండి చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగర్ వరకు సాయంకాలము నడచినచో అడుగడుగున కర్రీ పాయింట్లు కనబడును. స్టీలు గిన్నెలలో పప్పు, సాంబారు, వంకాయ కూర, పులిహోర సిద్ధముగా ఉండును. పోటీపరీక్షలకు చదువుటకై జిల్లాల నుండి వచ్చి హాస్టళ్ళలో ఉండు విద్యార్థులకు, ఉద్యోగములకు పోవు దంపతులకు ఇవియే వంటిళ్ళు. ఇంటిలో వంట చెడినచో నలుగురు బాధపడుదురు. అంగడిలో ఒక్క గిన్నె చెడినచో అదే రాత్రి ఎంతోమంది మంచము పట్టుదురు. అందుచేతనే అన్నము అమ్మువారికి ప్రభుత్వము కొన్ని నియమములు ఏర్పరచినది.

మన దేశమున 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టమునకు బదులుగా 2006లో ఆహార భద్రత, ప్రమాణముల చట్టము వచ్చినది. దాని క్రింద లైసెన్సు నిబంధనలు 2011లో అమలునకు వచ్చినవి. వీటి ప్రకారము చిన్న వ్యాపారి తన పేరు నమోదు చేయించుకొనవలెను. పెద్ద వ్యాపారి లైసెన్సు పొందవలెను. 2011లో ఈ రెంటి నడుమ పెట్టిన హద్దు ఏడాదికి 12 లక్షల రూపాయల అమ్మకము. ఇచ్చిన 14 అంకెల సంఖ్యను అంగడిలో అందరికి కనబడునట్లు ఉంచవలెను. నగరపాలక సంస్థ ఇచ్చు ట్రేడ్ లైసెన్సు దీనికి వేరు. ఒకటి ఉన్నదని రెండవది మానరాదు.

ఈ కాగితములు సంపాదించుట కష్టము కాదు. కాని కాగితము క్రిమిని చంపదు. ఆ నిబంధనలకు చేర్చిన నాల్గవ షెడ్యూలులో శుభ్రతా సూత్రములు ఉన్నవి; అసలు సంగతి అక్కడనే ఉన్నది. ఒక్కొక్క సూత్రము వెనుక ఒక్కొక్క శాస్త్ర కారణము ఉన్నదని తెలిసినచో అవి మనకు భారముగా తోచవు.

మొదటిది నీరు. అశోక్‌నగరుకు ఎంతో దూరము లేని భోలక్‌పూరులో 2009 మే నెలలో త్రాగునీటిలో మురుగు కలిసి, వాంతులు, అతిసారము ప్రబలి పలువురు మరణించిరి. మురుగు కలిసిన నీరు చూపునకు తేటగానే ఉండవచ్చును. కనుక కంటిని నమ్మక పరీక్షను నమ్మవలెను. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ప్రజారోగ్య పరీక్షలకు పేరుగన్న సంస్థ. వండుటకే గాక, పచ్చి ఉల్లి, కొత్తిమీర కడుగుటకును, గిన్నెలు తొలుచుటకును మంచి నీరే వాడవలెను.

రెండవది వంటవాని ఆరోగ్యము. అమెరికాలో మేరీ మాలన్ అను వంటమనిషి ఉండెను. ఆమెకు జ్వరము లేదు, నీరసము లేదు. అయినను ఆమె వండిన ఇండ్లలో టైఫాయిడు పుట్టుచుండెను. ఆమె శరీరములో ఆ క్రిములు దాగియున్నవని 1907లో తెలిసినది. వంట మానుదునని మాట ఇచ్చి 1910లో విడుదలయ్యెను. కాని 1915లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో మరల వండుచు పట్టుబడెను. చూచుటకు ఆరోగ్యముగానున్న మనిషియు రోగమును పంచగలడు. వంటవారికి వైద్యపరీక్ష, సబ్బుతో చేతులు కడుగుట, గోళ్ళు కత్తిరించుట, పుండు ఉన్నచో కట్టు కట్టుట ఇందుకే.

మూడవదియు, అందరు మరచునదియు, వేళ. 5 డిగ్రీల నుండి 60 డిగ్రీల సెంటీగ్రేడు వరకు గల వేడిమి క్రిములకు అనుకూలము. అనుకూలమైన చోట కొన్ని క్రిములు 20 నిమిషములకు ఒకసారి రెట్టింపగును. ఆ లెక్కన వేయి క్రిములు నాలుగు గంటలలో 40 లక్షలు దాటును! మధ్యాహ్నము రెండు గంటలకు దింపిన కూర రాత్రి ఎనిమిది వరకు గోరువెచ్చగా నిలిచినచో ఏమగునో పాఠకులే ఊహించుకొనవచ్చును.

“మరల కాచినచో సరిపోదా?” అని కొందరు అడుగుదురు. సరిపోదు. బియ్యములో ఉండు బాసిల్లస్ సెరియస్ అను క్రిమి గట్టి కవచము గల స్పోరు రూపములో అన్నము ఉడికినను చావదు. అన్నము చల్లారుచుండగా అది మేల్కొని పెరుగును. వాంతులు కలిగించు విషమును విడుచును. ఆ విషము మరల కాచినను విరగదు. చేతుల నుండి, పుండ్ల నుండి వచ్చు స్టెఫిలోకాకస్ విషమును అట్టిదే. కనుక వేడి పదార్థము 60 డిగ్రీలకు తగ్గకుండ, చల్లని పదార్థము 5 డిగ్రీలకు మించకుండ ఉంచవలెను. నిలువ చేయదలచినచో పెద్ద గంగాళములో వదలక వెడల్పైన పళ్ళెములలో పలుచగా పోసి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టవలెను.

ఉడకని పదార్థముల విషయమున మరింత జాగ్రత్త కావలెను. నగరములో మోమోలు తిన్నవారు పలువురు జబ్బుపడి ఒకరు మరణించిన పిమ్మట, 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వము పచ్చి గ్రుడ్లతో చేసిన మయోనైజును ఒక సంవత్సరము నిషేధించినది. పచ్చి గ్రుడ్డులో సాల్మొనెల్లా క్రిమి ఉండవచ్చును. మయోనైజును ఎవరును ఉడికించరు గదా!

అంగడి పెట్టదలచినవారు అద్దె, గ్యాసు, గిన్నెల ఖర్చు లెక్క వేసికొందురు. ఆ లెక్కలో ఒక ఉష్ణమాపకమును, చేతులు కడుగుకొను కుళాయిని, నీటి పరీక్షను కూడ చేర్చవలెను. ప్రతి గిన్నెను దింపిన వేళ ఒక పలకపై వ్రాసి ఉంచినచో వేళ తప్పిన కూరను గుర్తించి పారవేయవచ్చును. కూర పారవేయుట నష్టమే. కాని పరీక్ష ముందురాత్రి ఆ కూర తిని మంచము పట్టు విద్యార్థికి కలుగు నష్టము అంతకంటె పెద్దది.