చీటీ రాసేది డాక్టరు, దారి చూపేది నర్సమ్మ

"ఆరోగ్యమే మహాభాగ్యం" అని మన హాస్టల్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడినప్పుడల్లా చదివేవాళ్ళం. దాని అర్థం మాత్రం మా ఇంట్లో అమ్మకు షుగర్ వచ్చాకే తెలిసింది.

జ్వరం వస్తే నాలుగు రోజులు మందు వేసుకుంటాం, తగ్గిపోతుంది. షుగర్, బీపీ అలాంటివి కావు. వస్తే చాలామందికి జీవితాంతం ఉంటాయి. అందుకే వీటిని దీర్ఘకాలిక వ్యాధులు అంటారు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ వ్యాధి ఉంది. ఇది డబ్బున్నవాళ్ళ జబ్బు అనే మాట ఎప్పుడో పాతబడిపోయింది.

మిత్రులారా, ఒక చిన్న లెక్క వేద్దాం. రోగి నెలకోసారి డాక్టరు గారిని కలుస్తాడు, సారికి 10 నిమిషాలు మాట్లాడతాడు అనుకుందాం. ఏడాదికి 2 గంటలు. ఏడాదిలో ఉన్నవి 8,760 గంటలు. మిగిలిన 8,758 గంటలూ ఆ జబ్బును చూసుకోవలసింది రోగే. ఎలా చూసుకోవాలో దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పేది నర్సు.

మేము కళ్ళారా చూసినది

అమ్మకు మూడేళ్ళ క్రితం షుగర్ అని తేలింది. మాత్రలు రాసిచ్చారు. అమ్మకు చదువు రాదు. సెలవులకు ఇంటికి వెళ్ళి చూస్తే సగం మాత్రలు అట్టల్లోనే ఉన్నాయి. మేము కోప్పడ్డాం. "రేపటి నుంచి వేసుకుంటాలే బిడ్డా" అంది. వేసుకోలేదు.

తర్వాతి నెల ఆరోగ్య కేంద్రానికి అమ్మతో మేమూ వెళ్ళాం. అక్కడి నర్సమ్మ గద్దించలేదు. "పొద్దున లేచిన కాడి నుంచి ఏమేం చేస్తావమ్మా?" అని అడిగింది. అమ్మ చెప్పుకొచ్చింది. ఐదింటికి లేచి, టీ తాగి, మాత్ర వేసుకుని, ఆరింటికల్లా నాట్లకు పోతుంది. సద్ది తినేది పదింటికి. ఈలోగా ఒళ్ళంతా చెమటలు పట్టి చేతులు వణికేవట. పొలంలో పడిపోతానేమోనన్న భయంతో కూలికి పోయే రోజు మాత్ర మానేసేదట. ఈ మాట మాకెప్పుడూ చెప్పలేదు. మేమూ ఎప్పుడూ అడగలేదు.

అది తిండితో పాటు వేసుకోవలసిన మాత్ర. ఖాళీ కడుపుతో వేసుకుని ఎండలో వంగి పని చేస్తే రక్తంలో చక్కెర మరీ పడిపోతుంది. నర్సమ్మ వెంటనే డాక్టరు గారికి చెప్పింది. ఆయన మాత్రను సద్ది తినే వేళకు మార్చారు. నర్సమ్మ మాత్రల అట్టల మీద ఒకదానికి సూర్యుడి బొమ్మ, ఇంకొకదానికి చంద్రుడి బొమ్మ గీసింది. "ఇప్పుడు నువ్వు చెప్పమ్మా, ఏది ఎప్పుడు వేసుకుంటావు?" అని అమ్మ నోటితోనే చెప్పించుకుని పంపింది. పీజీ చదువుతున్న మేము చేయలేని పని ఆమె పది నిమిషాల్లో చేసింది.

నర్సులు నేర్పే ముఖ్య విషయాలు

చక్కెర పడిపోవడం: చెమట, వణుకు, విపరీతమైన ఆకలి, కళ్ళు తిరగడం దీని గుర్తులు. రక్తంలో చక్కెర 70 కన్నా తగ్గితే ప్రమాదం. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగాలి. 15 నిమిషాలకు మళ్ళీ చూసుకోవాలి, తర్వాత ఏదైనా తినాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. పనికి పోయేటప్పుడు కొంగున కాస్త చక్కెర కట్టుకుని పొమ్మని నర్సమ్మ అమ్మకు చెప్పింది.

ఇన్సులిన్: మన దగ్గర సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత ఉన్న 40 సిరంజే వాడాలి. పొరపాటున 100 సిరంజితో అదే గీత వరకు తీస్తే మోతాదులో సగం కూడా అందదు. సూది రోజూ ఒకేచోట పొడిస్తే అక్కడ చర్మం గడ్డకడుతుంది, అందుకే చోటు మార్చాలి. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే సీసాను తడవకుండా డబ్బాలో పెట్టి, మట్టికుండ చల్లదనంలో ఉంచుకోవచ్చు. గడ్డకట్టిన ఇన్సులిన్ మాత్రం పనికిరాదు.

పాదాలు: షుగర్ ఎక్కువకాలం అదుపు తప్పితే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. చిన్న పుండు ముదిరి వేలు, ఒక్కోసారి కాలే తీసేయవలసి వస్తుంది. కాబట్టి రోజూ రాత్రి పాదాలు కడిగి, తుడిచి, వేళ్ళ సందులు చూసుకోవాలి. అరికాలు కనబడకపోతే అద్దం పెట్టుకోవాలి. చెప్పులు దులిపి వేసుకోవాలి.

తిండి: రాగి సంకటి, జొన్నరొట్టె ఎంతైనా తినవచ్చని చాలామంది అనుకుంటారు. అవి మంచివే కానీ అవీ పిండిపదార్థాలే. మోతాదు మించితే చక్కెర పెరుగుతుంది. అన్నం తగ్గించి కూర, పప్పు, ఆకుకూర పెంచడం ఏ ఇంట్లోనైనా చేయగలిగిన పని.

బీపీ: దీనికి చాలాసార్లు నొప్పి, బాధ ఏమీ ఉండవు. బాగానే ఉన్నామని మాత్రలు మానేస్తే పక్షవాతం రావచ్చు. రోజుకు మనిషికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చెంచా మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పచ్చడిలో, అప్పడంలో ఉన్నదీ ఆ లెక్కలోనిదే.

ఈ సేవ మన ఊళ్ళోనే

2017లో మొదలైన జాతీయ బీపీ నియంత్రణ కార్యక్రమం తొలి దశలో ఎంపికైన 5 రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. రోగికి ఒక కార్డు, వీలైనంత వరకు నెలకు సరిపడా మాత్రలు, రాని వాళ్ళను ఫోన్ చేసి పిలవడం అందులోని పద్ధతి. 2018 నుంచి ఉపకేంద్రాలను హెల్త్ అండ్ వెల్‌నెస్ కేంద్రాలుగా మార్చారు. 2023లో వాటికే ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని పేరు పెట్టారు. 30 ఏళ్ళు నిండిన వారికి అక్కడ షుగర్, బీపీ పరీక్షలు చేస్తారు. మన రెండు రాష్ట్రాల్లోనూ బీఎస్సీ నర్సింగ్ చదివిన ఎందరో ఆ కేంద్రాల్లో పనిచేస్తున్నారు. ఇంటర్ తర్వాత నర్సింగ్‌కు వెళ్ళాలనుకునే మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు దీన్ని చిన్న పని అనుకోవద్దు.

మనమేం చేయాలి?

వరుసలో నలభై మంది ఉంటే ఎంత మంచి నర్సుకైనా ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి అడిగే తీరిక ఉండదు. అక్కడే మన అవసరం ఉంది. మనలో చాలామంది ఇళ్ళలో మందుల చీటీ చదవగలిగింది మనమొక్కరమే. అయితే చదివి వినిపిస్తే సరిపోదని మేము ఆలస్యంగా తెలుసుకున్నాం. ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు మాత్రల అట్టలు లెక్కపెట్టండి. మిగిలి ఉంటే కోప్పడకండి. పక్కన కూర్చుని, "పొద్దున లేచిన కాడి నుంచి ఏం చేస్తావమ్మా?" అని అడగండి. చెప్పింది విని, ఆ మాట నర్సమ్మకు చేరవేయండి. మాత్రలు మాత్రం మీ అంతట మీరు మార్చకండి, మాన్పించకండి.

అమ్మ ఇప్పుడు సద్ది మూట విప్పగానే ముందు సూర్యుడి బొమ్మ ఉన్న అట్ట తీస్తోంది. మొన్న మేము ఫోన్ చేస్తే, తనతో నాట్లకు వచ్చే ఇంకో ఇద్దరి అట్టల మీద కూడా బొమ్మలు గీయించానని చెప్పింది.